‘కోశ’ శబ్దం – తైత్తిరీయ పాఠం: ఒక పరిశీలన

అన్నమయాదులను ఆత్మను కప్పిన అయిదు పొరలుగా వివరించడం పరిపాటి. అయితే తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లి వాటిని వర్ణించేటప్పుడు ‘కోశ’ శబ్దం వాడలేదు. (ఆ శబ్దం శీక్షావల్లిలో ఉన్నది, అక్కడది ప్రణవపరం.) అన్నరసమయుడైన పురుషునితో మొదలుపెట్టి, తక్కిన నాలుగింటిలో ప్రతిదానినీ మరింత లోపలి ‘ఆత్మ’ అన్నది. ప్రతిదానికీ శిరస్సు, రెండు పక్షాలు, మొండెం, పుచ్ఛం కల్పించింది. లోపలిది వెలుపలిదానిని నింపుతుందన్నదే గాని, వెలుపలిది లోపలిదానిని కప్పుతుందనలేదు.

కప్పు అనే భావం శంకరభాష్యంలో స్ఫుటమవుతుంది. అవిద్యాకృతమైన పంచకోశాలను తొలగించడాన్ని ఆయన, పలుపొట్టుల కోద్రవధాన్యం నుండి బియ్యం తీయడంతో పోల్చాడు. కోద్రవాలంటే మన అరికెలే; వాటిని దంచినవారికి ఆ పొట్టు సంగతి తెలిసినదే. వివేకమార్గానికి ఈ ఉపమానం చక్కగా అమరింది. కాని పొట్టు పారవేయదగినది. శ్రుతి అన్నాన్ని పారవేయలేదు. భృగువల్లిలో ఆనందమే బ్రహ్మమని భృగువు గ్రహించిన తరువాతి అనువాకం, అన్నాన్ని నిందించరాదన్న వ్రతంతోనే మొదలవుతుంది.

చిక్కంతా ఆనందమయుని దగ్గర వస్తుంది. కోశమే అయితే అదీ తొలగవలసినదే. ఆనందమయాధికరణ వ్యాఖ్యలో రామానుజులు ఆనందమయుడే పరమాత్మ అన్నారు. శంకరులు చివరకు అంగీకరించలేదు. కనుక మూలానువాదంలో ‘ఆనందమయ కోశం’ అని వ్రాసిన తెలుగు అనువాదకుడు, తెలియకుండానే ఆ వివాదంలో ఒక పక్షం వహించినట్లే.