'కరెంట్ ఖాతా' కరెంటు బిల్లుకా?

ఇంగ్లీషు 'కరెంట్'కి ఏటి ప్రవాహం ఒక అర్థం, 'ప్రస్తుతం' ఇంకోటి, విద్యుత్తు మరోటి. లాటిన్‌లో 'పరిగెత్తు' అనే మాట నుంచే అన్నీ. మన నోట్లో మిగిలింది విద్యుత్తే. 'కరెంటు పోయింది' అంటే దీపాలు ఆరిపోయినట్టు. మరి 'కరెంట్ ఖాతా'? తమిళంలో 'నడప్పు కణక్కు', కన్నడంలో 'చాల్తి ఖాతె'. రెండూ నడిచే లెక్కనే చెప్తాయి. తెలుగు ఫారాల్లో మాత్రం ఇంగ్లీషు మాటే తెలుగు లిపిలో దింపేశారు. ఇది అనువాదమా, తప్పించుకోవడమా? కొట్టాయనకి అది కరెంటు బిల్లు కట్టే ఖాతాలా తోస్తే తప్పెవరిది? హిందీ 'చాలూ ఖాతా' తెచ్చుకుంటే మనకి 'ఇంక చాలు' అన్నట్టుంటుంది! హోసూరు వైపు 'యాపారం నడుస్తా ఉంది' అంటాం కదా. తమిళ 'నడ', మన 'నడ' ఒకే వేరు. 'నడిచే ఖాతా' అని రాసి, పక్కన ఇంగ్లీషు మాట ఉంచితే సరిపోయేది.