గేర్‌బాక్స్ దించే ముందు

ఆటోమేటిక్ కారు వణుకుతోందంటే ఓనరు మనసు వెంటనే గేర్‌బాక్స్ మీదికి పోతుంది. దాని రిపేరు లక్షల్లోకి వెళ్తుందన్న భయం అలాంటిది. బెంగళూరులో చెయ్యి తిరిగిన మెకానిక్కులు మాత్రం చివరగా చూసేది గేర్‌బాక్స్‌నే. జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపులు, శివాజీనగర్ పాత సామాన్ల సందుల చుట్టూ పెరిగిన ఈ పనితనంలో మొదటి పరికరం స్కానర్ కాదు, ప్రశ్న. "ఎప్పుడొస్తుంది సార్? నిలబడ్డప్పుడా, పోతున్నప్పుడా? ఏ స్పీడులో?"

ఈ మూడు ప్రశ్నలతోనే సగం రోగం బయటపడుతుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి 'డి'లో ఉంచితే వణికి, 'ఎన్'లో వేయగానే తగ్గిపోతే అనుమానం ముందు ఇంజిన్ మౌంటింగుల మీదికి పోవాలి. ఒకరు హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు గట్టిగా తొక్కి, 'డి' నుంచి 'ఆర్'కి మారుస్తుంటే మీరు పక్కన నిలబడి చూడండి. రబ్బరు చచ్చిన మౌంటింగ్ మీద ఇంజిన్ ఎగిరి పడుతుంది. హైడ్రాలిక్ మౌంటింగయితే కింద నల్లటి జిడ్డు కారి ఉంటుంది. ఎనభై దాటాక మొదలై, న్యూట్రల్లో పోనిచ్చినా ఆగకపోతే చక్రాలు, టైర్లు చూసుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తే లోపలి వైపు యాక్సిల్ జాయింటు.

అసలు గేర్‌బాక్స్ వణుకుకు తీరే వేరు. యాభై, అరవై మధ్య యాక్సిలరేటర్ మీద పాదం తేలిగ్గా ఆనించి పోతుంటే, రంబుల్ స్ట్రిప్స్ మీద ఎక్కినట్టు రెండు క్షణాలు గరగరమని ఆగిపోతుంది. టార్క్ కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ పట్టీ పట్టక జారుతూ, మళ్లీ పడుతూ ఉండటమే దానికి కారణం. పెట్రోలు మిగలాలని పెట్టిన ఏర్పాటు ఈ లాకప్. 1949లోనే ప్యాకార్డ్ కార్లలో కనిపించింది. నిర్ధారణ సులువు: ఆ గరగర వస్తుండగా వెనక బండ్లు లేకుండా చూసుకుని, యాక్సిలరేటర్ వదలకుండా బ్రేకును లైటు వెలిగేంత మాత్రం తాకాలి. లాకప్ వదిలేస్తుంది, వణుకు టక్కున ఆగుతుంది. ఈ పరీక్ష నాకెంతో ఇష్టం. పైసా ఖర్చు లేదు, ఒక్క బోల్టు విప్పనక్కర్లేదు. స్కానర్ ఆ తర్వాత సాక్ష్యం చెబుతుంది: ఇంజిన్ తిరిగే వేగానికీ టర్బైన్ తిరిగే వేగానికీ తేడా స్థిరంగా ఉండకుండా ఊగుతూ కనిపిస్తుంది.

చాలాసార్లు మందు ఆయిలే. లాకప్ పట్టు మెత్తగా ఉండాలని అందులో కలిపిన రసాయనాలు ట్రాఫిక్ వేడికి అరిగిపోతాయి. అయితే ఏదో ఒక ఎర్రాయిల్ పోస్తే పనిచేయదు. కంపెనీ చెప్పిన రకమే పోయాలి. సీవీటీ రకం గేర్‌బాక్స్‌కి దాని ఆయిల్ వేరు. లెవెల్ కూడా కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలోనే చూడాలి. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అన్న మాటను మన ఎండలకీ మన జాములకీ నేను నమ్మను.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. 2022 సెప్టెంబరు వానలకు బెంగళూరులో యెమలూరు, బెళ్లందూరు వైపు బేస్‌మెంట్లలో కార్లు మునిగాయి. అలా మునిగినప్పుడు బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా గేర్‌బాక్స్‌లోకి నీరు దిగుతుంది. ఆయిల్ రోజ్‌మిల్క్ రంగుకు తిరుగుతుంది. క్లచ్ పట్టీ కాగితం జాతి పదార్థం కాబట్టి నీరు పీల్చుకుని, జిగురు వదిలి పొరలు లేస్తుంది. ఆ దశలో ఆయిల్ మార్చి సరిపెట్టడం మోసమే. గేర్‌బాక్స్ దించక తప్పదు.

దించాక కన్వర్టర్‌ను లేత్ మీద కోసి, కొత్త పట్టీ అతికించి, తిరిగి వెల్డు చేసి, బ్యాలెన్స్ చూస్తారు. బిగించాక కంప్యూటర్‌లోని పాత అలవాట్లను స్కానర్‌తో చెరిపి, బండిని నెమ్మదిగా, అన్ని గేర్లూ మారేలా నడిపి కొత్తగా నేర్పించాలి. ఆ చివరి పని ఎగ్గొడితే, బాగైన గేర్‌బాక్స్ కూడా మర్నాడు జర్కులు కొడుతూ గరాజుకే తిరిగొస్తుంది.