కాగితం కాకుండా మిగిలిన వెదురు

విల్లు చేసే పనిలో కత్తి అవసరం పడేది చాలా ఆలస్యంగా. అంతకుముందు వెదురు పొదల చుట్టూ తిరగాలి. ఆసిఫాబాద్ దాటి కెరమెరి గుట్టల్లో ఒక కోలాం ఆదివాసుల గూడెం. అక్కడ నాకు ఈ పని చూపించిన తాత ఒక్కో బొంగునూ వేలితో తట్టడం, చెవి ఒగ్గి వినడం, వదిలేసి ముందుకు పోవడం. నాకైతే అన్నీ ఒకేలా కనిపించాయి.

"నిరుడు మొలిసింది ఇది. వంచితే వంగినట్టే ఉంటది, మళ్ల లేవది" అన్నాడు ఒకదాన్ని చూపించి.

లేత బొంగు నిండా నీరు, మరీ ముదిరింది పెళుసు. కనీసం మూడు వానాకాలాలు చూసినదైతేనే పనికొస్తుంది. ముళ్ల వెదురు వద్దు. లోపల డొల్ల తక్కువగా, గోడ మందంగా ఉండే సన్న వెదురు కావాలి. దాన్ని కూడా వెన్నెల రోజుల్లో కొట్టకూడదు, పుచ్చు పడుతుందంటారు. వెన్నెల సంగతి నేను పూచీ పడలేను గానీ, పుచ్చు పురుగు వచ్చేది వెదురులోని పిండిపదార్థం కోసమే. అది ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండదు. కొట్టిన బొంగును నీళ్లలో నానేస్తే ఆ పిండి కొంత పోతుంది. తర్వాత నీడలోనో, పొయ్యి పొగ తగిలే అటక మీదనో తీరిగ్గా ఆరనివ్వాలి.

వెదురు బలమంతా దాని చర్మంలో ఉంటుంది. గోడను అడ్డంగా కోసి చూస్తే లోపలివైపు నారలు పలచగా, బయటికొచ్చేకొద్దీ చిక్కగా కనిపిస్తాయి. అందుకే చెక్కేదంతా లోపలి వైపు నుంచే. కణుపుల దగ్గర తొందరపడి చర్మం మీద కత్తి గాటు పడిందా, ఎన్నడో ఒకనాడు విల్లు అక్కడే విరుగుతుంది. నారి కూడా చాలాచోట్ల వెదురే. పైపెచ్చును సన్నగా చీల్చి, నున్నగా గీకి, రెండు కొసలకు ముడివేయడం మధ్య భారతపు ఆదివాసుల పాత పద్ధతి. పత్తి తాడులా అది సాగదు.

చెక్కడం కన్నా చూడడం ఎక్కువ. నాలుగు పొరలు గీకడం, నేలకు ఆనించి కొంచెం వంచడం, రెండు రెక్కలూ సమంగా వంగాయా అని కొస నుంచి కొసకు చూడడం. గట్టిగా ఉన్న రెక్కను మళ్లీ గీకాలి. టేపుతో కొలిచి రెండు రెక్కలకూ ఒకే మందం తెస్తే సరిపోదు, ఎందుకంటే ఒకే బొంగులోనే మొదలు వేరు, కొస వేరు. వంగేటప్పుడు సమంగా ఉన్న రెక్కలు కొలతకు సమంగా ఉండకపోవచ్చు. ఎక్కువ గీకిన రెక్కకు మందు లేదు. రెండో రెక్కనూ దాని స్థాయికి దించడమే. అలా దించుతూ పోతే చివరికి పిల్లలాడుకునే విల్లు మిగులుతుంది.

బాణం ఇంకా గడుసుది. సన్నటి పుల్లను నిప్పు సెగకు కాచి వంకలు తీస్తారు. జంతువుకైతే కమ్మరి కొట్టిన ఇనుప ములికి, పిట్టకైతే మొద్దు కొస, ఈకలు పాడవకుండా పడేయడానికి. పుల్ల ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకున్నాను. కాదట. ఒకే విల్లుకు అన్ని పుల్లలూ కుదరవని తాత లెక్క. వదిలిన బాణం నిటారుగా పోదు. విల్లు పిడిని చుట్టుకుంటూ చేపలా మెలికలు తిరిగి, ఆ తర్వాతే సూటిదనం అందుకుంటుంది. అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త 1930ల్లో వేగంగా తీసే కెమెరా పెట్టి దీన్నే చూపించాడు. పుల్ల బిరుసు విల్లు బలానికి సరిపడకపోతే బాణం పక్కకు కొడుతుంది. తాత కెమెరా లేకుండానే వేళ్ల మధ్య వంచి చూసి పుల్లలను వేరు చేస్తున్నాడు.

ఇప్పుడు ఈ ప్రాంతంలో విల్లు ఎక్కువగా కనిపించేది సభావేదికల మీద. అతిథికి తలపాగా చుట్టి, విల్లంబులు చేతికిస్తారు. ఆయన కెమెరాల వైపు తిరిగి నారి లాగి, వట్టిగా వదిలేస్తాడు. చేసినవాడి ప్రాణం ఉసూరుమనే ఘడియ అది. బాణం ఉంటే ఆ శక్తి బాణంతో పోతుంది, లేకపోతే తిరిగి విల్లునే కొడుతుంది. అయితే వేదికల కోసం తెచ్చే రంగు విల్లుల్లో చాలావాటికి అసలు ఆ శక్తే ఉండదు, కాబట్టి ప్రమాదం తక్కువ.

వేట పోయింది కాబట్టి విల్లు పోయిందని అందరం అంటాం. 1972 వన్యప్రాణి చట్టం వేటను ఆపిన మాట నిజమే, ఆపడమూ న్యాయమే. కానీ వేట మానని వాళ్లు విల్లు వదిలి కరెంటు తీగ పట్టారు. పందికోసం పరిచిన తీగకు పులైనా ఒకటే, మనిషైనా ఒకటే. విల్లుకు అలా కాదు, జంతువు దగ్గరకు నడిచి వెళ్లాలి.

నాకు మాత్రం విల్లు పోయిన కథలో వెదురు వాటానే పెద్దదిగా కనిపిస్తుంది. సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టింది 1938లో. జల్ జంగల్ జమీన్ అన్న కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. మిల్లులో కాగితం తయారవడం మొదలైంది 1942లో. ఈ మూడు సంవత్సరాలను బళ్లో మాకెవరూ పక్కపక్కన పెట్టి చెప్పలేదు. కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. ఈ అడవుల వెదురు కట్టలు కట్టి గుజ్జుకు పోయింది. నేను రాసుకున్న నోటుబుక్కుల్లో ఏ గుట్ట వెదురు ఉందో ఎవరికెరుక. తర్వాత మిల్లు నీలగిరి, సుబాబుల్ వైపు తిరిగింది, 2014లో మూతపడింది, 2018లో మళ్లీ తెరుచుకుంది.

బొంగు మిల్లుకు లారీల్లో పోతే ముడిసరుకు, కోలాం భుజం మీద పోతే కేసు. వెదురు గడ్డిజాతి మొక్క అయినా 1927 అటవీ చట్టం దాన్ని చెట్టుగా లెక్కగట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. 2017 సవరణతో అడవి బయట పెరిగే వెదురు చెట్టు కాకుండా పోయింది. కాగితం మీది హక్కు గూడెం దాకా నడిచి రావడానికి ఎంత కాలం పడుతుందో ఆ దారిలో తిరిగినవాళ్లకు తెలుసు.

తాత తన చేను గట్టున వెదురు నాటుకున్నాడు. పొద కట్టింది, ఇంకా ముదరలేదు. మొదటి ముదురు బొంగుతో విల్లు చేస్తావా అని అడిగాను.

"చాటలు అల్లుత బిడ్డా. చాటకు ధర ఉన్నది. విల్లు అడిగేటోడు ఫొటోకు అడుగుతడు, పైసలియ్యడు."