మజిలీ ఎక్కడ?

బొబ్బిలి, కారెంపూడి, చందుర్తి లాంటి యుద్ధస్థలాల మీద రాసే యాత్రావ్యాసాల్లో నాకు తరచూ ఒక వెలితి కనిపిస్తుంది. రాసినవాళ్లు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో చెప్పరు. ఇది చిన్న విషయమేం కాదు. బస ఎక్కడో తేలితే అక్కడికి ఏ వేళకి చేరతామో తేలుతుంది. దాన్నిబట్టే ఎవరు కనబడతారో, ఏ కథ చెవిన పడుతుందో కూడా తేలిపోతుంది.

కారెంపూడినే తీసుకోండి. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పక్క టౌన్‌లో ఏసీ రూమ్ తీసుకుని పదింటికి దిగి, పన్నెండింటికి వెళ్లిపోయేవాడికి వీరులగుడి ఒక పాత కట్టడం మాత్రమే. వీరవిద్యావంతులు కథ చెప్తుంటే కూర్చుని విన్నవాడికి, చచ్చిపోయినవాళ్లని ఇంకా పేరుపెట్టి పిలుస్తున్న ఊరు కనబడుతుంది.

మనకి ఇది తెలియని విద్య కాదు. 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మజిలీల పుస్తకమే. ఊరికి సత్రం ఉందా, నీళ్లు ఎలాంటివి, సామాను దొరుకుతుందా అని రాసుకుంటూ పోతాడు. ఆయన ఏం చూశాడో, ఏం చూడలేకపోయాడో అందులోంచే మనం లెక్క కట్టుకోవచ్చు.

ఇప్పుడు మా వైపు చూద్దాం. చందుర్తి యుద్ధం 1758 డిసెంబర్‌లో జరిగింది. ఆ తర్వాత ఫోర్డ్ సైన్యం బందరు మీదకి పోతూ 1759 ఫిబ్రవరిలో ఏలూరులో ఆగింది, విజయనగరం రాజు ఆనందగజపతి దళాల కోసం. ఏప్రిల్‌లో బందరు కోట పడిపోయింది. అంటే ఏలూరు యుద్ధానికి మజిలీ. బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగిన యాత్రికుడు, తెలియకుండానే సైన్యం ఆగిన ఊళ్లో ఆగుతున్నాడు. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసినా వ్యాసం బరువు మారుతుంది.

కొల్లేరు దగ్గర విషయం ఇంకా చిక్కు. కొల్లేటికోటలో ఉన్న గజపతిని పట్టడానికి శత్రువులు సరస్సు నీళ్లని సముద్రంలోకి వదిలేలా ఉప్పుటేరు తవ్వించారనీ, అది పారడానికి ఒక సేనాధిపతి సొంత కూతుర్నే బలిచ్చాడనీ, అందుకే పేరంటాల కనమ అన్న పేరొచ్చిందనీ జనం చెప్పే కథ. ఆ అమ్మాయికి స్మారకం అంటూ ఉంటే అది పారే నీరే. రెండు గంటల బోటు షికారులో ఈ కథ దొరకదు. పెద్దింట్లమ్మ గుడి దగ్గర పొద్దుపోయేదాకా కూర్చుంటే దొరకొచ్చు.

అలాగని అందరం లంక గ్రామాల్లో పడుకుందామా? ఇక్కడే నాకు హోమ్‌స్టే రొమాంటిసిజంతో పేచీ. చుట్టూ నీళ్లే, తాగే నీళ్లకి మాత్రం కటకట. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో చేపల చెరువుల గట్లని పేలుడు పదార్థాలు పెట్టి కూడా పగలగొట్టారు. పర్యావరణానికి అది అవసరమే కావచ్చు. ఆ శబ్దం విన్నవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. పాత యుద్ధం కోసం వచ్చి ఈ సంగతి అడగని అతిథి ఆ ఇంటికి బరువే. కైకలూరులోనో ఏలూరులోనో బస చేసి, తెల్లారకముందే వెళ్లి, అక్కడే డబ్బిచ్చి తిని, చీకటి పడ్డాక రావడం నాకు మర్యాదగా తోస్తుంది.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన కాలం అది. రన్‌వే చూడటానికి అరగంట చాలు. ఆ భయం ఎలా ఉండేదో అడగాలంటే మాత్రం ఊళ్లో ఒక పూట ఉండాలి, పెద్దవాళ్ల అరుగు దొరకాలి.

హోటల్ యాప్‌లో దూరానికి, ధరకి, రేటింగ్‌కి ఫిల్టర్లు ఉన్నాయి. ‘ఇక్కడుంటే ఎవరి మాట వినబడుతుంది’ అనేదానికి ఫిల్టర్ లేదు. అది రాసేవాళ్లు చెప్పాలి. యాత్రావ్యాసం చదివేటప్పుడు ఇకనుంచి నేను ముందు వెతికేది మజిలీ పేరే.