కరగడం దాని ధర్మం

మే నెలలో రాయ్‌పూర్ ఎలా ఉంటుందో అక్కడ ఒక్క వేసవి గడిపినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. కూలర్ రాత్రింబవళ్ళు తిరుగుతున్నా మా నడవలో వేడి 36 డిగ్రీలకు తగ్గదు. అలాంటి ఎండల్లో ఒక ఏడు మా అలమరలో చాక్లెట్ల డబ్బా ఒకటి ఉండిపోయింది. దీపావళికి వచ్చిన కానుక, బంగారు కాగితం చుట్టిన బిళ్ళలు. నెలాఖరున తీసి చూస్తే ఒక్కటీ కరగలేదు, అంచైనా మెత్తబడలేదు. "సరుకంటే ఇదీ! ఇంత ఎండకీ చెక్కు చెదరలేదు" అని నాన్నగారు మురిసిపోయారు. మేమూ మురిసిపోయాం. తాతగారు రైల్వే పనికి ఇక్కడికి వచ్చిన నాటినుంచీ మా ఇంట్లో మామిడి తాండ్రకీ పూతరేకులకీ మంచి చెడ్డ ఎంచగలవాళ్ళు ఉన్నారు గాని, చాక్లెట్‌కి ఎంచగలవాళ్ళు లేకపోయారు.

ఆ డబ్బాలో ఉన్నది చాక్లెట్ కాదని నాకు తెలిసింది హైదరాబాదులో, బంజారాహిల్స్‌లోని 'మనం' చాక్లెట్ కార్ఖానాలో. పెళ్ళికని వెళ్ళి, మధ్యాహ్నం ఖాళీ దొరికితే చూసొద్దామని అడుగుపెట్టాను. సాయంత్రం దాకా బయటికి రాలేదు. అప్పటినుంచి చాక్లెట్ ఎక్కడ దొరికినా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నాను.

2023లో తెరిచిన ఈ కార్ఖానా చైతన్య ముప్పాల ఆలోచన. హైదరాబాదులో మిఠాయి తిన్నవాళ్ళందరికీ తెలిసిన ఆల్మండ్ హౌస్ ఆయన ఇంటి వ్యాపారమే. మిఠాయి తెలిసిన చేయి కాబట్టే చాక్లెట్‌ని ఫ్యాక్టరీ సరుకులా కాక వంటలా చూడగలిగిందని నా నమ్మకం. 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో తప్పక చూడవలసిన చోట్ల జాబితా వేసినప్పుడు ఈ కార్ఖానా పేరు అందులో చేర్చింది. ఆ గౌరవం కన్నా నాకు ముఖ్యమైంది ఇంకొకటి. ఇక్కడ గింజ ఎక్కడిదని అడిగితే ఊరి పేరు చెబుతారు, ఆ ఊరు మన పాత పశ్చిమ గోదావరి నేల మీదిది.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. కోకో పుట్టిల్లు దక్షిణ అమెరికా అడవులు. మాయాలూ అజ్టెక్కులూ దాన్ని పానీయంగా తాగారు, స్పెయిన్ వాళ్ళు యూరప్‌కి మోసుకెళ్ళారు. 1753లో లినేయస్ ఆ చెట్టుకు దేవతల ఆహారం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1847లో ఇంగ్లండులో ఫ్రై కంపెనీ వాళ్ళు తినే పలక పోశారు. మన దేశంలో 1960లలో కేరళ తోటల్లో వాణిజ్య సాగు మొదలైంది. 1973లో పుట్టిన కాంప్కో సహకార సంస్థ రైతులకు అండగా నిలిచి, 1986లో కర్ణాటకలోని పుత్తూరులో సొంత ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత కోకో గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లోకీ ఆయిల్‌పామ్ తోటల్లోకీ వచ్చి, నీడపట్టున హాయిగా స్థిరపడింది. ఇవాళ దేశంలో కోకో పంటకి ఆంధ్రప్రదేశే పెద్దన్న. పనసలాగే ఇదీ మానుకే కాస్తుంది. కాయకు ముప్పై నలభై గింజలు, చుట్టూ తెల్లటి తియ్యని గుజ్జు.

అసలు విద్య ఆ గుజ్జు దగ్గరే మొదలవుతుంది. చాక్లెట్ రుచి ఫ్యాక్టరీలో పుడుతుందని అనుకునేవాణ్ణి. కాదు, పులియబెట్టే చెక్కపెట్టెలో పుడుతుంది. పచ్చి గింజ కొరికితే చేదు, వగరు తప్ప ఏమీ ఉండదు. గుజ్జుతో సహా పెట్టెలో పోసి అరటాకులు కప్పితే మొదట ఈస్టు చక్కెరను తింటుంది, తర్వాత పులుపు పుట్టించే సూక్ష్మజీవులు వంతు తీసుకుంటాయి. రాశి తనంతట తాను 45, 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికీ పులుపుకీ గింజలోని మొలక చచ్చిపోయి, కణాల గోడలు విచ్చుకుని, రుచికి బీజాలు పడతాయి. అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మధ్యలో గింజల్ని ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి తిరగెయ్యాలి. ఒక పూట ముందు తీస్తే వగరు, ఒక పూట ఆలస్యమైతే కుళ్ళు వాసన. దోసెల పిండి పులిసిందో లేదో మూత తియ్యకుండానే చెప్పగల మన అమ్మల ముక్కు లాంటి ముక్కు కావాలి దీనికి.

పులిసిన గింజను తడి ఏడు శాతానికి దిగేదాకా నిదానంగా ఆరబెడతారు. తొందరపడి ఎండలో మాడిస్తే పులుపు లోపలే చిక్కుకుపోతుంది. ఆరిన గింజని నిలువునా కోసి చూస్తే పనివాడి జాతకమంతా తెలిసిపోతుంది. గోధుమరంగులో నెరియలు విచ్చి ఉంటే బాగా పులిసింది. ఊదాగా ఉంటే సగమే. పలకరాయి రంగులో బిగుసుకుని ఉంటే అసలు పులియలేదు.

'మనం' వాళ్ళకి గింజ ఇచ్చే డిస్టింక్ట్ ఆరిజిన్స్ సంస్థ పులియబెట్టే కేంద్రం ఏలూరు జిల్లా తడికలపూడిలో ఉంది. చుట్టుపక్కల రైతుల గింజ అక్కడికి చేరి ఒకే శ్రద్ధతో పులుస్తుంది. ఇది ఎంత పెద్ద మార్పో చెప్పాలంటే పెదవేగి దగ్గర మా మేనమామ తోట సంగతి చెప్పాలి. ఆయన ఏళ్ళ తరబడి గింజని గోనెసంచుల్లో పులియబెట్టి, కళ్ళంలో ఆరబోసి అమ్మేవాడు. బాగా పులిసిన గింజకీ సగం పులిసిన దానికీ కాటా దగ్గర ధర ఒక్కటే. "బాగా చేస్తే ఎవడిస్తాడ్రా ఎక్కువ? నేనెందుకు వారం రోజులు కావలి కాయాలి?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. మంచి పనికి మంచి ధర లేని చోట మంచి పని చచ్చిపోతుంది. గింజ రుచికి వెల కట్టే కొనుగోలుదారు వచ్చాకే జిల్లాలో ఆ మంచి పని మళ్ళీ బతికింది.

కార్ఖానాలో అద్దాల అవతల మిగతా విద్య అంతా కళ్ళెదుట జరుగుతుంది. గింజను వేయించడం మన వేరుశనగలు వేయించినట్టే, సెగ మాత్రం ఇంకా సన్నం. ఏ తోట గింజకి ఎంత సెగ, ఎన్ని నిమిషాలు అన్నది రుచి చూసి తేల్చవలసిందే. తర్వాత పొట్టు చెరగడం. మన అమ్మమ్మలు చాటతో చేసిన పనిని ఇక్కడ యంత్రం గాలితో చేస్తుంది. పొట్టు ఎగిరిపోయి, నల్లని పలుకులు మిగులుతాయి.

ఆ పలుకుల్ని రుబ్బే యంత్రం చూసి నేను నిలుచున్నచోటే నిలిచిపోయాను. రాతి మీద రాయి తిరుగుతోంది. మన ఇడ్లీపిండి గ్రైండరే, ఇంకాస్త గట్టి ఒంటితో. ఇది నా పోలిక కాదు, నిజంగా జరిగిన కథ. ఈ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఇళ్ళలో చాక్లెట్ చేసుకునేవాళ్ళకి గింజను మెత్తగా నూరే చిన్న యంత్రం దొరికేది కాదు. చాక్లెట్ ఆల్కెమీ వెబ్‌సైట్ నడిపే జాన్ నాన్సీ మన దక్షిణాది వెట్ గ్రైండర్‌ని తీసుకుని అందులో కోకో రుబ్బి చూపించాడు. ప్రపంచమంతటా చిన్న కార్ఖానాలు లేచి నిలబడింది ఆ రాళ్ళ మీదే. స్విట్జర్లాండులో రుడాల్ఫ్ లిండ్ట్ 1879లో గంటల తరబడి మథించే యంత్రం కనిపెట్టి చాక్లెట్‌కి పట్టులాంటి నునుపు తెచ్చాడు, ఆ మహానుభావుడికి దణ్ణం. కానీ చాక్లెట్‌ని పెద్ద ఫ్యాక్టరీల గుప్పిట్లోంచి తీసి మామూలు మనిషి వంటింట్లో పెట్టింది మాత్రం మన రుబ్బురోలు వంశమే!

రుబ్బడం రెండు మూడు రోజులు ఆగకుండా సాగుతుంది. రేణువు 20 మైక్రాన్ల దగ్గరకు దిగితే గాని నాలుకకి ఇసుక తగలకుండా ఉండదు. నూరుతున్నకొద్దీ గింజలోని కొవ్వు ఊరి, పొడి ముద్దయి, ముద్ద ధార అవుతుంది. మిగిలిన పులుపు వాసన గాలికి ఎగిరిపోతుంది. చుక్క నీరు పడ్డదా, అంతా గడ్డకట్టి చెడుతుంది. నేను ఇంట్లో ప్రయత్నించినప్పుడు తడి గరిటె పెట్టి రెండు కిలోలు పోగొట్టుకున్నాను. అందుకే ఆ పనివాళ్ళ పొడిచేతుల శుభ్రత చూస్తే నాకు పూజలో మడి గుర్తొచ్చింది.

ఇక టెంపరింగ్. పాకం పట్టడం తెలిసినవాళ్ళకి దీని మర్మం వెంటనే అర్థమవుతుంది. తీగపాకానికీ ముదురుపాకానికీ మధ్య రెప్పపాటు తేడా ఉన్నట్టే ఇక్కడ ఒకటి రెండు డిగ్రీల తేడా. కోకో వెన్న, అంటే గింజలోని ఆ కొవ్వు, ఆరు రకాలుగా గడ్డకడుతుంది. అందులో అయిదోది ఒక్కటే మనకి పనికొచ్చేది. నల్ల చాక్లెట్‌ని 45 డిగ్రీలు దాటేలా కాచి, 27, 28కి దించి, మళ్ళీ 31, 32కి తెచ్చి పోస్తే ఆ అయిదో రూపం కుదురుతుంది. కుదిరిన పలక అద్దంలా మెరుస్తుంది, విరిస్తే ఎండు పుల్ల విరిగినట్టు టక్‌మంటుంది, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37. అంటే చాక్లెట్ చేతిలో నిలిచి నోట్లో కరిగేలా ప్రకృతే కొలిచి పెట్టింది. ఇంత ముచ్చటైన కొలత ఇంకే తిండిలోనూ నేను ఎరగను.

రుచి చూడటానికీ పద్ధతి ఉంది. ముందు మెరుపు చూడాలి, విరుపు వినాలి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి. నాలుక మీద పెట్టాక కొరకకూడదు. నేను కళ్ళు మూసుకున్నాను. మొదట చెరుకు పానకం తగిలింది, కాసేపటికి ఎండుద్రాక్ష పులుపు, చివర్లో కాల్చిన కొబ్బరిచిప్ప వాసన. పక్క తోట గింజతో చేసిన రెండో ముక్కలో ఆ పులుపు లేదు, జీడిపప్పు కమ్మదనం ఉంది. ఒకే జిల్లా, ఒకే చేతివాటం, రెండు రుచులు! ముఖ్య షెఫ్ రూబీ ఇస్లాం చేతిలో ఈ చాక్లెట్ ఎన్ని రూపాలు ఎత్తినా, గింజ గొంతు నొక్కెయ్యకపోవడమే ఆమె గొప్పతనం.

ఇది ఒక్క ఊరి గొప్ప కాదు. మైసూరులో నవిలూనా వాళ్ళు మన దేశపు గింజ తప్ప ముట్టరు. ఆరోవిల్‌లో మేసన్ అండ్ కో, కొచ్చిలో పాల్ అండ్ మైక్ అదే దారిలో ఉన్నారు. పాల్ అండ్ మైక్ నారింజ తొక్క, సిచువాన్ మిరియంతో చేసిన పలక 2021లో అంతర్జాతీయ చాక్లెట్ పోటీలో వెండి పతకం తెచ్చింది. చెన్నైలో చాక్లెట్ చేసే నితిన్ చోర్డియా, వృథాగా పోయే కోకో పొట్టునీ పాత నూలునీ కలిపి పొట్లం కాగితం చేయించారు. అందరికీ నమస్కారాలు. అయినా గోదావరి గింజ పక్షం వహించకుండా ఉండలేను. బెల్జియం పేరు చెప్పి మురిసేవాళ్ళని ఒక్కటే అడుగుతాను, బెల్జియంలో కోకో చెట్టు ఎక్కడుంది?

ఇప్పుడు ఆ బంగారు కాగితాల డబ్బా దగ్గరకి వస్తాను. అందులో ఉన్నది కాంపౌండ్. కోకో గింజలోంచి విలువైన వెన్న తీసేసి, మిగిలిన పిప్పి పొడిలో పామ్ నూనెలాంటి కొవ్వును గట్టిపరిచి కలిపిన ముద్ద. దానికి టెంపరింగ్ అక్కర్లేదు, పులియబెట్టే ముక్కు అక్కర్లేదు, రాయి అక్కర్లేదు. దిమ్మలు కొనుక్కొచ్చి, కరిగించి, అచ్చులో పోసి "హోమ్‌మేడ్" అని చీటీ అంటిస్తారు. ఊటీ అంగళ్ళనుంచి రాయ్‌పూర్ పండగ డబ్బాల దాకా ఇదే తంతు. నోట్లో కరగదు, అంగిలికి మైనంలా అంటుకుంటుంది. నేతిమిఠాయి అని చెప్పి డాల్డా మిఠాయి అమ్మితే మన ఇళ్ళలో ఊరుకుంటామా? మరి చాక్లెట్ విషయంలో ఎందుకు ఊరుకుంటున్నాం? పిల్లలు ఆ మైనాన్నే చాక్లెట్ అనుకుని పెరుగుతున్నారు. వాళ్ళ నాలుక ఒకసారి అలవాటుపడ్డాక అసలైనది పెడితే చేదంటారు. అసలు దెబ్బ ఇదే, డబ్బుది కాదు.

ఆ దెబ్బ చివరికి తగిలేది రైతుకి. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను 10,000 డాలర్లు దాటింది. మన రైతులు ఆశపడ్డారు. మరుసటి ఏడే ధర దిగజారి, గోదావరి జిల్లాల కోకో రైతులు రోడ్డెక్కవలసి వచ్చింది. గింజ రుచిని అడిగి కొనే జనం ఉంటే ఎక్కడో లండన్, న్యూయార్క్ మార్కెట్ల గాలికి మా మేనమామ తోట ఇంతలా ఊగిపోదు.

అందుకే అడుగుతున్నాను. ఈసారి పొట్లం తిప్పి చూడండి. కోకో వెన్న అని ఉందా, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉందా చదవండి. పెద్ద డబ్బా బదులు చిన్న పలక కొనండి, కానీ గింజ ఏ ఊరిదో చెప్పగలవాళ్ళ దగ్గర కొనండి. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న మనవాళ్ళకి ఇంకో మాట. తెల్లవారుజామున రాలే ఇప్పపువ్వు మన ముంగిట్లోనే ఉంది. నేల మీది మట్టి అంటకుండా చెట్టు కింద వల కట్టి పట్టి, శుభ్రంగా ఆరబెట్టిన పువ్వు విలువే వేరు. 2021లో కోర్బా అడవుల ఇప్పపువ్వు ఎండబెట్టి ఫ్రాన్సుకి పంపారు. గోదావరి గింజకీ బస్తర్ పువ్వుకీ ఒకే రాతి మీద పెళ్ళి చేసే కార్ఖానా ఒకటి రాయ్‌పూర్‌లో లేవాలని నా కోరిక. మన పిల్లలు దాని అద్దాల ముందు నిలబడి రాయి తిరగడం చూడాలి.

హైదరాబాదు నుంచి ఒక పలక ఐసు మధ్య దాచి ఇంటికి తెచ్చాను. నాన్నగారి చేతిలో పెట్టి మాటల్లో పడ్డాం. మా నడవ వేడికి దాని అంచు మెత్తబడి ఆయన వేళ్ళకి అంటింది. ఆయన ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, అలమరలో ఇంకా మిగిలున్న బంగారు కాగితాల డబ్బాని బయట పారేశారు.