కలంకారీకి ఏరు కావాలి

శ్రీకాళహస్తి అనగానే ఎవరికైనా వాయులింగం గుర్తొస్తుంది, బట్టల సంగతి తెలిసినవాళ్లకు కలంకారీ గుర్తొస్తుంది. ఆ రెంటినీ ఒడ్డున పెట్టుకున్న స్వర్ణముఖి ఎవరికీ ముందుగా గుర్తురాదు. కలంకారీని మనం చేతిపనిగానే లెక్కపెడతాం. నా దృష్టిలో అందులో సగం పని ఏటిది. కరక్కాయ పొడి, పాలు కలిపి పట్టించిన నూలుబట్ట మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన కసింతో గీత గీస్తే అది నల్లబడుతుంది. పాలలోని కొవ్వు దాన్ని పాకనివ్వదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. అసలు పరీక్ష ఆ తరువాతే. బట్టకు పట్టగా మిగిలిన పటిక ఉతుకులో పోవాలి. పారే నీళ్లలో అది వచ్చింది వచ్చినట్టే కొట్టుకుపోతుంది. నిలవ నీళ్లలో పక్కనున్న తెలుపు మీదికి చేరుతుంది, రంగులో ఉడికించినప్పుడు అక్కడా ఎర్రమరక తేలుతుంది.

బోరు ఉందిగా, తొట్టె ఉందిగా అనవచ్చు. వాటితోనూ పని నడుస్తుంది, కాదనను. కానీ నీళ్లు మార్చి మార్చి పొయ్యాలి, ఆ ఖర్చు పనివాడిదే. బోరునీటిలో ఇనుము ఉంటే కరక్కాయ పట్టిన బట్ట మసకబారుతుంది. స్వర్ణముఖి ఎప్పుడూ వానల ఏరే కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే. అయితే పారకం ఆగాక కూడా నీటిని దాచుకునేది ఇసుక. ఇసుక తవ్వేస్తే ఆ నిల్వా పోతుంది. ఉతికిన గుడ్డ పరిచి ఎండబెట్టే చోటూ ఆ ఇసుకే.

ఈ కళను పట్టించుకోలేదని కాదు. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950లలో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అవన్నీ మనిషికీ పేరుకీ అందిన రక్షణ. నీటికి అందింది తక్కువ. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలితే ఊరంతా కదిలింది, 2017కల్లా కొత్తది లేచింది. గోపురం ఒక్కరోజులో కూలింది కాబట్టి అందరికీ కనిపించింది. ఏరు అలా కూలదు. ఊరి దగ్గర కొంత మేర అయినా ఇసుక తవ్వకుండా, మురుగు కలవకుండా కలంకారీ ఉతుకుకు విడిచిపెట్టాలి. రంగునీళ్లు కలిపే హక్కు పనివాళ్లకు మాత్రం ఎక్కడిదంటారా? ఆ మేరకు వడపోత తొట్లు కట్టించడమూ అదే పనిలో భాగం, దాని ఖర్చు కలంకారీ గుడ్డ ధరలో కలపకుండా ప్రభుత్వమే పెట్టాలి.