కృపాసిద్ధాంతము - కర్మణి ప్రయోగము: తెలుగు బైబిలు పరిభాషా పరిశీలనము

తెలుగు బైబిలు భాష మన నుడికారమునకు దూరమను అభిప్రాయము పండితలోకమున చిరకాలముగా నున్నది. అందు ముఖ్యముగా నాక్షేపింపబడినవి కర్మణి ప్రయోగములు. “రక్షింపబడు”, “పిలువబడు”, “ఏర్పరచబడు”, “తీర్చబడు” అను రూపములు పుటపుటకును ఎదురగును. తెలుగున కర్మణి ప్రయోగము సహజముగా విరళము. “రాముడు రావణుని చంపెను” అందుమే కాని, “రామునిచేత రావణుడు చంపబడెను” అనము. కావున నీ యాక్షేపణము నిరాధారము కాదు. అయినను పౌలు పత్రికలలో రక్షణ, దైవసంకల్పము, కృప అను విషయములు ప్రస్తావింపబడు తావులందు ఈ ప్రయోగము అనువాదకుల యసమర్థతకు చిహ్నము కాదనియు, సిద్ధాంతమే యచట నా రూపమును కోరినదనియు మా యభిప్రాయము. దానిని నిరూపించుటయే యీ వ్యాసోద్దేశము.

ఈ పరిభాష యొకనాట నేర్పడినది కాదు. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు మొదలిడిన అనువాదమున మూడు సువార్తలు 1812లో సెరాంపూరున అచ్చయ్యెను. ప్రిచెట్టు సిద్ధపరచిన క్రొత్తనిబంధనము 1818లో మద్రాసున వెలువడెను. తరువాతివారు పలుమారులు దిద్దిరి. ఇచట మేము గ్రహించినది బహుళప్రచారమున నున్న గ్రాంథికానువాదము.

ముందుగా సిద్ధాంతమును సంగ్రహముగా చూతము. మానవుడు తన క్రియలచేత దేవుని యెదుట నీతిమంతుడు కాజాలడనియు, రక్షణ సంపాద్యము కాక దానమనియు, ఆ దానమునకు మూలము జగత్సృష్టికి పూర్వమే దేవుడు చేసికొనిన సంకల్పమనియు పౌలు బోధించెను. రోమీయులకు వ్రాసిన పత్రిక యెనిమిదవ యధ్యాయమున నీ బోధ గొలుసువలె నడచినది. దేవుడు ముందెరిగెను, నిర్ణయించెను, పిలిచెను, నీతిమంతులుగా తీర్చెను, మహిమపరచెను. ఐదు క్రియలకును కర్త దేవుడొక్కడే. కడపటిది రాబోవు విషయమైనను భూతకాలమున చెప్పబడుట గమనింపదగినది. సంకల్పము దేవునిదగుటచేత ఫలము సిద్ధించినట్లే యని భావము.

ఇక “ఏర్పరచుకొను” అను క్రియను పరిశీలింతము. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక మొదటి యధ్యాయమున గ్రీకుక్రియ ఆత్మార్థమును తెలుపు మధ్యమరూపమున నున్నది. ఎన్నుకొనినవాడు తనకొరకు ఎన్నుకొనెనని దాని యర్థము. తెలుగున “కొను” అనుప్రయుక్తమైనపుడు ఆత్మార్థము సిద్ధించునని మన వ్యాకరణములు చెప్పుచున్నవి. అనువాదకుడు దానినే గైకొనెను. ఇట్టి యనురూపత యింగ్లీషునకు సులభముగా నలవడునది కాదు. “ఏర్పాటు” అను నామవాచకమున మాత్రమీ బలము సన్నగిల్లినది. నేటి పాఠకునకది సన్నాహమను నర్థమునే స్ఫురింపజేయును. “ఎన్నిక” యనిన నంతకంటె చిక్కు. ఆ పదము వినగనే నిర్ణయాధికారము ప్రజల చేతికి పోవును!

ఎన్నుకొను దేవునకు “కొను”, ఎన్నుకొనబడు మానవునకు “బడు”. ఈ రెండనుబంధముల నడుమనే కృపాసిద్ధాంత మంతయు నిమిడియున్నది. “రక్షింపబడియున్నారు” అనుటకు మారుగా “తరించితిరి” అనవచ్చునుగదా యని యొక శంక. అది చక్కని తెలుగే. కాని దాటుట యను పనికి కర్త మానవుడగును. “ముక్తి పొందితిరి” యనినను పొందువాడు మానవుడే. “దేవుడు మిమ్ము రక్షించెను” అనరాదా యని రెండవ శంక. ఇది బలమైనది, సిద్ధాంతమునకును విరుద్ధము కాదు. కాని ఎఫెసీ పత్రిక రెండవ యధ్యాయమున ప్రస్తుతాంశము మృతతుల్యులై యుండినవారి స్థితి. గ్రీకుక్రియ జరిగిన కార్యమును, నిలిచియున్న ఫలమును జమిలిగా తెలుపును. తెలుగున “బడి”, “యున్నారు” అను రెండంశములు ఆ రెంటిని వహించినవి. కర్తరి ప్రయోగమున కార్యము మిగులును, స్థితి జారిపోవును.

అచటనే “కృపచేతనే” యను నవధారణార్థక మొకటి కలదు. 1522లో లూథరు తన జర్మను క్రొత్తనిబంధనమున, రోమా పత్రిక మూడవ యధ్యాయమున, మూలమున లేని “మాత్రమే” యను నర్థముగల పదమును చేర్చి నిందపాలయ్యెను. జర్మను నుడికారమే దానిని కోరినదని 1530లో బహిరంగలేఖ వ్రాసి సమాధానము చెప్పెను. గ్రీకున పదమును వాక్యాదిని నిలుపుటచేత కలిగిన ప్రాధాన్యమును తెలుగున ఏకారము ఏ వివాదమును లేక సాధించినది.

“తీర్చు” అను క్రియ మరింత విచారణీయము. గ్రీకు మూలపదమునకు నీతిమంతుడని ప్రకటించుట యర్థమా, నీతిమంతునిగా చేయుట యర్థమా యను వివాదము పశ్చిమ క్రైస్తవమును చీల్చిన వానిలో నొకటి. లూథరు అనుయాయులు మొదటి దానిని పట్టిరి. 1547లో ట్రెంటు సభ, నీతిమంతుడగుట పాపక్షమ మాత్రమే కాదనియు, అంతరంగ నవీకరణము కూడననియు తీర్మానించెను. తెలుగున “తీర్పు తీర్చుట” న్యాయస్థానపు మాట. “తీర్చిదిద్దుట” శిల్పి చేతిపని. ఒక్క ధాతువున రెండర్థములు నిలిచినవి. అనువాదకు లీ శ్లేష నుద్దేశించిరని మేమనము. కాని తెలుగు పాఠకున కది లభించినది.

“కృప” విషయమున నష్టమును కలదు. పాతనిబంధనమున నిబంధనానుసారమైన విశ్వాస్యతను తెలుపు హీబ్రూ పదమునకును, పౌలు చెప్పిన యుచితదానమునకును ఇదియొక్కటే పర్యాయమగుటచేత భేదము మరుగుపడినది. దీనునిపై జాలియను సంస్కృతార్థము ముందు స్ఫురించును; శత్రువునకు సైత మీయబడు దానమను తీవ్రత వెనుకబడును. కాని యీ పదము మన దేశమున రిక్తముగా లేదు. మార్జారకిశోర, మర్కటకిశోర న్యాయములతో శ్రీవైష్ణవులు చేసిన చర్చ ప్రసిద్ధము. తెంకలై సంప్రదాయము నిర్హేతుక కృపను ప్రతిపాదింపగా, వడకలై ప్రపత్తి యను వ్యాజమును కోరెను. భగవంతుడు రక్షించునను మహావిశ్వాసము శరణాగతి యంగములలో నొకటి. కావున రక్షణ, విశ్వాసము, కృప యను మూడు పదములును తెలుగు క్రైస్తవునకు పూర్వమే పరస్పర పరిచితములు. భేదమును మరువరాదు. అచట బంధము కర్మజన్మపరంపర. ఇచట పాపమును, తీర్పును.

అంతయు “బడు” అయినచో మానవుడు మట్టిముద్దయేనా? కుమ్మరి దృష్టాంతమును చెప్పిన పౌలే యీ పూర్వపక్షమును తానే లేవనెత్తెను. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో రక్షణవిషయమున మానవుని యత్నమును విధించి, వెంటనే ఆ యత్నమును కలిగించువాడు దేవుడే యనెను. అచట తెలుగు క్రియ “కొనసాగించుకొను”. “సాధించుకొను” అని యుండిన నర్థము తలక్రిందులగును. మానవునకు “కొను” లభించిన దిచట. అదియు నారంభించుటకు గాక, కొనసాగించుటకు మాత్రమే.

కథాభాగములందలి నిష్కారణ కర్మణి ప్రయోగములను మేము సమర్థింపము. అవి దిద్దదగినవే. కాని పరిభాషను వాడుకభాషలోనికి మార్పబూనువారు “బడు”ను తొలగించుటకు ముందు కర్త యెవరని యొకమారు ప్రశ్నించుకొనవలెను. వ్యాకరణదృష్టితో దోషమనిపించిన చోటనే మూలగ్రంథపు ప్రాణమున్నచో, అట్టి దోషమును నిలుపుటయే యనువాదధర్మము.